కార్నేషన్‌కు కావలసింది చల్లని రాత్రి

హైదరాబాద్‌లో కార్నేషన్ పూలమొక్క విత్తనం మొలవదని చాలామంది అనుకుంటారు. మొలుస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఉంచితే వారం పదిరోజుల్లో సన్నటి మొలకలు లేస్తాయి. అసలు చిక్కు ఆ తర్వాతే, అదీ రాత్రిపూట.

ఈ మొక్క పుట్టిల్లు మధ్యధరా తీరం. అక్కడ వానలు చలికాలంలో పడతాయి. మనకేమో ఉక్కపోతా వానా కలిసే వస్తాయి. పగలు ఎండలో ఆకులు చక్కెరలు తయారు చేసుకుంటాయి. రాత్రి శ్వాసక్రియకు వాటిలో కొంత ఖర్చవుతుంది, వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చూ పెరుగుతుంది. కార్నేషన్‌కు 10 నుంచి 13 డిగ్రీల రాత్రి హాయి. మే నెలలో ఇక్కడి రాత్రి 26 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. పగటి సంపాదన తెల్లారేలోపు కరిగిపోతే కాడ సన్నబడుతుంది, పువ్వు చిన్నదవుతుంది. షేడ్ నెట్ కట్టేశాం కదా అంటే కుదరదు. అది ఎండను ఆపుతుంది గానీ రాత్రిని చల్లబరచదు.

మిద్దె తోటలో ఈ రాత్రి వేడి ఇంకా ఎక్కువ. స్లాబ్ పగలంతా వేడిని పీల్చుకుని, చీకటి పడ్డాక వదులుతుంది. కుండీలను ఇటుకల మీద పెట్టండి, కింద గాలి ఆడాలి. వెచ్చని మట్టిలో ఫ్యుజేరియం అనే శిలీంధ్రం విజృంభించి, కాండంలో నీళ్లు పైకెక్కే నాళాలను మూసేస్తుంది. మొక్క వాడింది కదా అని మనం ఇంకా నీళ్లు పోస్తాం. అది దాహం కాదు, ఎండు తెగులు.

నేను మొదటిసారి జూన్‌లో, తొలకరి పడగానే విత్తాను. మొలిచిన నారంతా మొదళ్ల దగ్గర మెత్తబడి పడిపోయింది. నారుకుళ్లు తెగులుకు తడి, వేడి రెండూ ఇష్టం. ఇప్పుడు వానలు వెనక్కి తగ్గాక, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరు మొదట్లోనో విత్తుతున్నాను. నగరం దక్కన్ పీఠభూమి మీద, సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులు 15 డిగ్రీలకు అటూఇటూగా దిగుతాయి. మనకు దొరికే అవకాశం ఆ రెండు నెలలే. అందుకే విత్తిన ఐదారు నెలల్లో పూసే ఛాబో రకమే మనకు నయం. గింజల మీద మట్టి పలుచగా చల్లితే చాలు. ఎర్రమట్టిలో ఇసుక, బాగా మాగిన ఎరువు కలిపి, నీళ్లు పొద్దున్నే పోయాలి. ఐదారు జతల ఆకులు వచ్చాక తల ఒక్కసారే తుంచండి. మళ్లీ తుంచితే పూత ఎండల్లోకి జరుగుతుంది.

ఒక ప్యాకెట్ గింజల్లో అన్నీ ఒకేలా పూయవు. మామూలు ముద్ద కార్నేషన్‌లో, పువ్వును ముద్దగా చేసే జన్యువు ఒక్క కాపీనే ఉంటుంది. దాన్ని దానితోనే పరాగసంపర్కం చేయిస్తే, సంతానంలో సుమారు పావు వంతు ఒంటిరెక్క పూలు, సగం ముద్ద పూలు, మిగతా పావు వంతు మరీ కిక్కిరిసిన ముద్దలు వస్తాయి. ఆ చివరివాటికి మొగ్గ చుట్టూ ఉండే ఆకుపచ్చ తొడుగు తరచూ చీలిపోతుంది. గుడిమల్కాపూర్ మార్కెట్లో కట్టల్లో కనిపించే పూలన్నీ ఒక్క అచ్చులో పోసినట్టు ఉండటానికి కారణం, వాటిని గింజతో కాకుండా కొమ్మ కత్తిరింపులతో పెంచడమే. నాకైతే ఒంటిరెక్కవీ అందంగానే ఉంటాయి, లవంగం వాసన వస్తే ఇంకేం కావాలి!

మార్చిలో కోసిన పూలను వంటింట్లో అరటిపళ్ల పక్కన మాత్రం పెట్టకండి. పండే పళ్లు ఇథిలీన్ వాయువును వదులుతాయి. అది కాస్త సోకినా కార్నేషన్ రేకులు లోపలికి ముడుచుకుపోతాయి.