ఊరి మీదుగా దాటిన గీత

చిరంజీవులైన పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

పోయిన ఆదివారం ఫోనులో మాట్లాడుతున్నప్పుడు మీరు అట్లాసు ముందు పెట్టుకొని నన్నొక ప్రశ్న అడిగారు. రెండు దేశాల మధ్య కనిపించే ఆ ఎర్ర గీతను ఎవరు గీశారు, అది గీయక ముందు అక్కడ ఏముండేది, గీసిన తరువాత అక్కడి మనుషులు ఏమయ్యారు అన్నారు. ఫోనులో నాలుగు మాటలతో తేలిపోయే ప్రశ్న కాదని అప్పటికి ఊరుకున్నాను. ప్రపంచంలోని సరిహద్దులన్నిటి గురించీ చెప్పడం నా వల్ల కాదు కనుక, ఒకే ఒక ఊరిని తీసుకొని, గీత ఆ ఊరిని ఏం చేసిందో వివరంగా రాస్తాను. అట్లాసులో బల్గేరియా పేజీ తీసి, నల్ల సముద్రం పక్కన కుడివైపు కింది మూలను చూడండి. టర్కీకి ఆనుకొని కొండల మధ్య మాల్కో తర్నోవో అనే చిన్న చుక్క ఉంటుంది. కొన్నేళ్ళ కిందట మీ నాయనమ్మా నేనూ ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ నాలుగు రోజులు గడిపాము.

బల్గేరియా భాషలో మాల్కో అంటే చిన్న. ఆ దేశం నడుమ, ఒకప్పుడు రాజధానిగా వెలిగిన వెలికో తర్నోవో అనే నగరం ఉంది. అది పెద్ద తర్నోవో, ఇది చిన్న తర్నోవో. బుర్గాస్ రేవు పట్టణం నుంచి దక్షిణంగా సుమారు 75 కిలోమీటర్లు, చాలా భాగం ఓక్ అడవిలోంచి మెలికలు తిరుగుతూ సాగే దారిలో వెళ్ళాలి. ఆ కొండలను స్ట్రాంజా అంటారు. పేరుకు పర్వతమే కాని ఎత్తు తక్కువ. బల్గేరియా వైపున అన్నిటికంటె ఎత్తైన గ్రాదిష్తె శిఖరం 710 మీటర్లే. ఊళ్ళో ఇప్పుడు రెండు వేల మందికి అటూ ఇటూగా ఉంటారు. మన వైపు ఒక మోస్తరు పల్లెలో ఇంతకంటె ఎక్కువ జనం ఉంటారు కదా అని మీరు అనవచ్చు. నిజమే, కాని స్ట్రాంజా అడవి నడుమ పట్టణం అని చెప్పుకోదగ్గది ఇది ఒక్కటే.

ఊరు ఎంత పాతదో చెప్పే ఆనవాళ్ళు అడవిలోనే ఉన్నాయి. గ్రాదిష్తె దగ్గర మిష్కోవా నివా అనే చోట పాలరాతి దిమ్మలతో కట్టిన ఒక సమాధి, దాని చుట్టూ ఆరాధనా స్థలం బయటపడ్డాయి. ఇప్పటి భాషలేవీ ఆ నేల మీద వినిపించక ముందు అక్కడ నివసించిన థ్రేసియన్లు వాటిని కట్టారు. తరువాత రోమన్లు వచ్చి అదే చోటును తమ అవసరాలకు వాడుకున్నారు. ఇప్పుడు ఆ రాళ్ళు సరిహద్దుకు అతి దగ్గరలో, ఓక్ చెట్ల నీడలో ఉన్నాయి.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. ఈ కొండలు కొన్ని వందల ఏళ్ళు ఒట్టోమన్లు అనే తురుష్క సుల్తానుల పాలనలో ఉన్నాయి. 1878లో బెర్లిన్ నగరంలో పెద్ద దేశాల ప్రతినిధులు సమావేశమై బాల్కన్ ప్రాంతపు పటాన్ని తిరగరాశారు. బల్గేరియాకు సంస్థానంగా ప్రాణం పోశారు, దాని దక్షిణాన తూర్పు రుమేలియా అనే స్వయంపాలిత ప్రాంతాన్ని ఏర్పరిచారు, ఇంకా దక్షిణాన ఉన్న నేలను సుల్తానుకే ఉంచేశారు. ఆ పటంలో గీత మాల్కో తర్నోవోకు ఉత్తరాన పడింది. అంటే బల్గేరియన్లు ఎక్కువగా ఉన్న ఈ పట్టణం గీతకు అవతల, సుల్తాను వైపున మిగిలిపోయింది. 1885లో తూర్పు రుమేలియా బల్గేరియాలో కలిసినా ఈ ఊరి స్థితి మారలేదు.

బెర్లిన్ సమావేశం జరిగి పాతికేళ్ళు గడిచాయి. 1903 వేసవిలో, స్తోయిలోవో పల్లెకు దగ్గరగా పెత్రోవా నివా అనే అడవి మధ్య మైదానంలో ఈ ప్రాంతపు విప్లవకారులు రహస్యంగా సమావేశమై తిరుగుబాటుకు నిర్ణయించారు. మిహాయిల్ గెర్జికోవ్, లాజర్ మద్జారోవ్, స్తమాత్ ఇకొనోమోవ్ అనే ముగ్గురిని నాయకులుగా ఎన్నుకున్నారు. ఆగస్టులో, క్రీస్తు దివ్యరూప ధారణ పండుగ నాడు పల్లెలు తిరగబడ్డాయి. దాదాపు మూడు వారాల పాటు స్ట్రాంజాలోని చాలా పల్లెలు తమ పాలనను తామే నడుపుకున్నాయి. ఆ తరువాత సుల్తాను సైన్యం వచ్చింది. ఇళ్ళు తగలబడ్డాయి, వేలాది మంది చంటిపిల్లలను ఎత్తుకొని అడవిదారుల వెంట ఉత్తరానికి, గీత దాటి బల్గేరియాలోకి పరుగెత్తారు. ఇప్పటికీ ప్రతి ఆగస్టులో జనం పెత్రోవా నివాకు వెళ్ళి దండలు ఉంచి వస్తారు. మేము వెళ్ళిన రోజున అక్కడ ఎవరూ లేరు. గడ్డి మీద గాలి తప్ప చప్పుడు లేదు.

1912, 1913 సంవత్సరాలలో రెండు బాల్కన్ యుద్ధాలు జరిగాయి. మొదటి యుద్ధంలో బల్గేరియా సైన్యం ఈ కొండలనూ, ఎదిర్నె నగరాన్నీ గెలుచుకుంది. అలా గెలిచిన నేలలో చాలా భాగాన్ని రెండో యుద్ధంలో పోగొట్టుకుంది. 1913 సెప్టెంబరులో ఇస్తాంబుల్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం కొత్త గీత మాల్కో తర్నోవోకు దక్షిణాన పడింది. పిల్లలూ, నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. ఊరు కదలలేదు. గుడి కదలలేదు, బావి కదలలేదు, వీధులు కదలలేదు. ఊరికి ఉత్తరాన ఉన్న గీత ఊరి మీదుగా దాటి దక్షిణానికి వెళ్ళి కూర్చుంది. 1878లో పుట్టి అదే ఇంట్లో ముసలితనం చూసిన మనిషికి, గడప దాటకుండానే దేశం మారిపోయింది.

మరి ఆ మార్పు మేలు చేసిందా అంటే, తాము కోరుకున్న దేశంలో చేరినందుకు జనం సంతోషించారన్నది నిజం. కాని ఊరికి సంతలు, చుట్టరికాలు, పొలాలు, మేతభూములు చాలా వరకు దక్షిణాన ఉండేవి. అక్కడున్న పెద్ద పట్టణాన్ని టర్కీ వాళ్ళు ఇప్పుడు కిర్క్‌లారెలి అంటారు. గ్రీకులు దానిని నలభై గుడుల ఊరనే అర్థం వచ్చే పేరుతో పిలిచేవారు. బల్గేరియన్లు లోజెన్‌గ్రాద్, అంటే ద్రాక్షతోటల పట్టణం అన్నారు. ఒకే సంతకు మూడు భాషల వాళ్ళు వచ్చేవారు కనుకనే ఒకే ఊరికి మూడు పేర్లు. గీత పడ్డాక ఆ సంతదారి మూతపడింది. అవతల ఉండిపోయిన బల్గేరియన్లను వెళ్ళగొట్టారు. వాళ్ళు బండ్ల మీద పట్టినంత సామాను వేసుకొని ఇవతలి పల్లెలకు వచ్చారు. ఇవతల ఉన్న గ్రీకులు, తురుష్కులు అదే విధంగా తమ ఇళ్ళు విడిచి వెళ్ళారు. ఒకరు ఖాళీ చేసిన ఇంట్లో మరొకరు పొయ్యి వెలిగించుకున్నారు.

ఆ పల్లెల్లో బ్రష్ల్యాన్ అనే దాని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ నాయనమ్మ అక్కడి నుంచి కదలనన్నది. తురుష్కుల కాలంలో దాని పేరు సర్మషిక్. రెండు మాటలకూ అర్థం ఒకటే, గోడల మీద పాకే ఐవీ తీగ. ఊరి పేరునే అనువాదం చేసుకున్నారన్నమాట. ఇళ్ళన్నీ ఒకే తీరు. కింది భాగం రాతి గోడ, అందులో పశువులు, ధాన్యం. పై భాగం ఓక్ పలకలతో కట్టిన నివాసం, నడిమి గదిలో పెద్ద పొయ్యి. ఎండకూ వానకూ ఆ పలకలు వెండి రంగుకు తిరిగి ఉంటాయి. ఈ ఇళ్ళు చెదరకుండా కాపాడాలని 1982లో పల్లెనంతా వాస్తు సంరక్షణ ప్రదేశంగా ప్రకటించారు. అక్కడి గుడి సగం నేలలోకి దిగి ఉన్నట్లు కనిపిస్తుంది. గుడి ఆవరణలో ఒక చిన్న బడిని పూర్వం ఉన్నట్లే నిలబెట్టి చూపిస్తున్నారు. ఆ కాలపు బడుల్లో పూజారే పంతులు. పిల్లలు ఇసుక మీద వేలితో అక్షరాలు దిద్దేవారు. మా నాన్నగారు వీధిబడిలో ఇసుకలోనే ఓనమాలు దిద్దారని ఎన్నోసార్లు చెప్పగా విన్నాను కనుక, ఆ గడప దగ్గర నేను చాలాసేపు నిలబడిపోయాను.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత గీత ఇంకా గట్టిపడింది. బల్గేరియా సోవియట్ కూటమిలోకి, టర్కీ నాటో కూటమిలోకి వెళ్ళడంతో, ఈ అడవి రెండు దేశాల మధ్య హద్దుగా ఉండటమే కాక రెండు ప్రపంచాల మధ్య హద్దు కూడా అయింది. ముళ్ళతీగల కంచె వేశారు. దాని పక్కన నేలను దున్ని చదును చేసి ఉంచేవారు. ఎవరైనా దాటితే అడుగుజాడ పడుతుందని. ఈ ప్రాంతానికి రావాలంటే బల్గేరియన్లకు సైతం ప్రత్యేక అనుమతి పత్రం కావలసి వచ్చేది. అడవి గుండా టర్కీలోకి తప్పించుకోవచ్చనే ఆశతో తూర్పు జర్మనీ యువకులు బల్గేరియాకు విహారయాత్ర పేరుతో వచ్చేవారు. వాళ్ళలో కొందరు ఆ కంచె దగ్గరే కాల్పుల్లో చనిపోయారు. 1989లో కమ్యూనిస్టు పాలన కూలిన తరువాత ఆ కాపలా సడలింది. 2014 నుంచి టర్కీ సరిహద్దు వెంట మళ్ళీ కొత్త కంచె కట్టారు. ఈసారి యుద్ధాల నుంచి పారిపోయి దక్షిణం వైపు నుంచి వచ్చేవాళ్ళను ఆపడానికి. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా భూసరిహద్దులు కూడా షెంగెన్ అనే, సభ్యదేశాల మధ్య తనిఖీలు లేని ఏర్పాటులోకి వచ్చాయి. దాంతో మాల్కో తర్నోవో నుంచి బయలుదేరిన మనిషి నియమం ప్రకారం పోర్చుగల్ దాకా పాస్‌పోర్టు తీయకుండా వెళ్ళవచ్చు; కొద్ది కిలోమీటర్ల అవతల ఉన్న టర్కీ పల్లె దెరెకొయ్‌కు వెళ్ళాలంటే మాత్రం తనిఖీ దగ్గర ఆగి పత్రాలు చూపించవలసిందే.

మనుషులు రాకపోవడం వల్ల అడవి మిగిలింది. 1995లో స్ట్రాంజాను ప్రకృతి ఉద్యానంగా ప్రకటించారు. 1161 చదరపు కిలోమీటర్లతో బల్గేరియాలోని రక్షిత ప్రాంతాలన్నిటిలోకీ అది పెద్దది. హిమయుగపు మంచు పలకలు ఈ కొండల దాకా రాలేదు కనుక, ఐరోపాలో చాలా చోట్ల అంతరించిన మొక్కలు ఇక్కడ బతికాయి. బీచ్ చెట్ల నీడన, వాగుల పక్కన ఊదారంగు పూలు పూసే ఒక రోడోడెండ్రాన్ పొద వాటిలో ఒకటి. అక్కడి వాళ్ళు దానిని జెలెనికా అంటారు, మే నెలలో పూస్తుంది. తేనె కూడా వింతైనదే. ఓక్ చెట్ల ఆకుల మీద ఊరే తీపి జిగురును తేనెటీగలు పోగుచేస్తే, పువ్వుతో పని లేకుండా, నలుపు తిరిగిన చిక్కని తేనె తయారవుతుంది. దానిని మనోవ్ మెద్ అంటారు. స్ట్రాంజా మనోవ్ మెద్ అనే పేరును స్ట్రాంజాలో తీసిన తేనెకే వాడాలని ఐరోపా సమాఖ్య గుర్తింపు కూడా ఇచ్చింది. సరిహద్దు వల్లనే కదా ఇంత అడవి దక్కింది అని కొందరు సంతోషంగా చెబుతారు. నేను ఆ మాట అంత సులువుగా అనలేను. అడవి దక్కిన పల్లెల్లోనే బడులు మూతపడ్డాయి. సరిహద్దును ఆనుకొని ఉన్న స్లివారోవో వంటి పల్లెలో ఏడాది పొడుగునా ఉండేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు.

వాగుల సంగతి కూడా చెప్పాలి. వెలెకా నది టర్కీలో పుట్టి, ఎవరినీ అడగకుండా గీత దాటి, బల్గేరియాలో నల్ల సముద్రంలో కలుస్తుంది. రెజోవ్‌స్కా నదినే చాలా దూరం సరిహద్దుగా పెట్టుకున్నారు. నది నోటి దగ్గర ఇసుక మేటలు జరిగి ధార మారుతూ ఉంటే హద్దు ఎక్కడ అన్న తగవు ఏళ్ళ తరబడి నడిచి, 1997లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్న తరువాత తీరింది.

చివరగా కోస్తి అనే పల్లె. వెలెకా లోయలోని ఈ పల్లెలో బాల్కన్ యుద్ధాల ముందు గ్రీకులు ఉండేవారు. కాన్‌స్టంటైన్, హెలెనా అనే క్రైస్తవ పునీతుల పండుగ నాడు వాళ్ళు డప్పు, సన్నాయి వంటి తోలుతిత్తి వాద్యం మోగుతుండగా, ఆ పునీతుల పటాలు చేత పట్టుకొని నిప్పుల మీద వట్టి కాళ్ళతో నడిచేవారు. మన పల్లెల్లో పీర్ల పండుగకు గుండం తొక్కడం చూసిన మీకు ఇది కొత్తగా ఉండదు. యుద్ధం తరువాత కోస్తి గ్రీకులు వలస వెళ్ళి, ఉత్తర గ్రీసులోని లంగదాస్, అయియా ఎలెని వంటి ఊళ్ళలో స్థిరపడ్డారు. పటాలను వెంట తీసుకువెళ్ళారు, నిప్పుల నడకనూ తీసుకువెళ్ళారు. ఇటు స్ట్రాంజాలో, దగ్గరలోని బల్గారి అనే పల్లెలో బల్గేరియన్లు అదే ఆచారాన్ని నిలబెట్టారు. 2009లో యునెస్కో దానిని మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గ్రీసులో పండుగ మే 21న, కొత్త పంచాంగం ప్రకారం. బల్గారిలో అదే పండుగ జూన్ 3న, పాత పంచాంగం ప్రకారం.

మేము బల్గారికి వెళ్ళింది జూన్ 3ననే. చీకటి పడ్డాక ఊరి నడుమ నిప్పులను గుండ్రంగా పరిచారు. మీ నాయనమ్మ పక్కన నిలబడిన ఒక ముసలామెకు మా భాష రాదు, మాకు ఆమె భాష రాదు. ఆమె దక్షిణం వైపు చెయ్యి చాపి, గ్రీసు అని ఒక్క మాట అని, తన పాదాలను చూపించి, మళ్ళీ నిప్పుల వైపు తిరిగింది.

మీ అట్లాసులో కోస్తి ఉండకపోవచ్చు. వెలెకా నదిని వేలితో పట్టుకొని సముద్రం నుంచి పైకి వెళితే, మూడో మెలికో నాలుగో మెలికో దాటాక ఎక్కడో ఉంటుంది. వేసవి సెలవులకు వచ్చినప్పుడు పెద్ద పటం పరిచి చూపిస్తాను.

ఇట్లు,
మీ తాతయ్య