ఒకటే జాతి అనడం మానేసిన ఉత్తర కొరియా

దక్షిణ కొరియా ఉత్తరపు అంచున, సరిహద్దుకు కూతవేటు దూరంలో దొరాసాన్ అనే రైల్వే స్టేషన్ ఉంది. అక్కడి బోర్డు మీద సియోల్ 56 కిలోమీటర్లు, ప్యాంగ్యాంగ్ 205 కిలోమీటర్లు అని రాసి ఉంటుంది. ప్యాంగ్యాంగ్‌కు ప్రయాణికుల బండి మాత్రం నడవలేదు. 2007 డిసెంబరు నుంచి ఏడాది పాటు ఒక గూడ్స్ బండి సరిహద్దు దాటి కొద్ది దూరం వెళ్లొచ్చేది, అదీ చాలా రోజులు ఖాళీగానే. ఆ ముచ్చట కూడా ఎప్పుడో తీరిపోయింది. రెండు వైపులనూ కలిపే రోడ్లను, రైలు దారిని 2024 అక్టోబరులో ఉత్తర కొరియా తన వైపున తెగ్గొట్టేసింది. 15వ తేదీన రోడ్లు పేల్చిన వీడియో అందరూ చూసిందే.

అక్కడ టెన్షన్ ఎప్పుడూ ఉండేదే. ఈసారి పోయింది వేరే. ‘మనం ఒకటే జాతి, ఎప్పటికైనా కలుస్తాం’ అని ఇద్దరూ డెబ్బై ఏళ్లుగా చెప్పుకొస్తున్న మాటను ఒకరు వదిలేశారు.

కొరియాను రెండుగా చీల్చిన గీత గీసింది కొరియన్లు కాదు. 1945 ఆగస్టులో, అప్పటిదాకా కొరియాను ఏలుతున్న జపాన్ లొంగిపోబోతోందని తెలిసిన రాత్రి, వాషింగ్టన్‌లో డీన్ రస్క్, చార్లెస్ బోన్‌స్టీల్ అనే ఇద్దరు సైనికాధికారులు మ్యాపు ముందేసుకుని 38వ అక్షాంశం దగ్గర హద్దు పెట్టారు. సియోల్ అమెరికా వాటాలోకి రావాలన్నదే వాళ్ల లెక్క. సోవియట్లు ఒప్పుకున్నారు. తర్వాత ఎన్నికలు జరిపించడానికి ఐక్యరాజ్యసమితి పంపిన కమిషన్‌కు మన దౌత్యవేత్త కె.పి.ఎస్. మీనన్ అధ్యక్షుడు. ఆ కమిషన్‌ను ఉత్తరాన అడుగు పెట్టనివ్వలేదు. 1948 మేలో దక్షిణాన మాత్రమే ఎన్నికలయ్యాయి. ఆ ఏడాదే రెండు ప్రభుత్వాలు వచ్చాయి, దేశం మొత్తం నాదేనని రెండూ అన్నాయి.

1950–53 యుద్ధం ఆ పేచీ తేల్చలేదు. 1953 జులై 27న కుదిరింది కాల్పుల విరమణే, శాంతి ఒప్పందం కాదు. దేశాన్ని కలపకుండా యుద్ధం ఆపడానికి ఇష్టపడని దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్మన్ రీ ఆ కాగితం మీద సంతకమే పెట్టించలేదు. ఇంటికి తిరిగి వెళ్లబోమని చెప్పిన యుద్ధఖైదీల బాధ్యత మన జనరల్ తిమ్మయ్య నాయకత్వంలోని కమిషన్ మీద పడింది. రెండు వైపులూ వద్దన్న 88 మందిని చివరికి మన సైనికులు తమతో పాటు ఇండియాకు తీసుకొచ్చారు. ఈ సంగతి మనవాళ్లలోనే చాలామందికి తెలియదు.

ఒకరినొకరు దేశంగా గుర్తించకపోవడం వల్ల చిత్రమైన పద్ధతులు పుట్టాయి. 1991 డిసెంబరు ఒప్పందంలో తమది రెండు దేశాల మధ్య సంబంధం కాదని, కలిసే దారిలో ఉన్న ప్రత్యేక సంబంధమని రాసుకున్నారు. అంతకు మూడు నెలల ముందే ఇద్దరూ ఐక్యరాజ్యసమితిలో వేర్వేరు సీట్లలో కూర్చున్నారు! ఉత్తర కొరియా గడ్డ మీద దక్షిణాది కంపెనీలు పనిచేసిన కేసాంగ్ పారిశ్రామికవాడ నడిచినన్నాళ్లూ అక్కడి సరుకుకు దక్షిణ కొరియా కస్టమ్స్ సుంకం వేయలేదు, అది దిగుమతి కాదు గనక.

నా లెక్కలో అసలు మలుపు ఆ రోజుల్లోనే ఉంది. 1990లో మాస్కో, 1992లో బీజింగ్ సియోల్‌తో దౌత్య సంబంధాలు పెట్టుకున్నాయి. బదులుగా అమెరికా, జపాన్ ప్యాంగ్యాంగ్‌తో అలాంటి సంబంధాలు పెట్టుకోలేదు. ఒంటరైన ఉత్తర కొరియా అణుబాంబును నమ్ముకుంది, 2006లో మొదటి పరీక్ష చేసింది. 2018 ఏప్రిల్‌లో సరిహద్దులోని పాన్‌మున్‌జొమ్ దగ్గర ఉత్తర కొరియా నేత కిమ్ జోంగ్ ఉన్, అప్పటి దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే ఇన్ చేతులు పట్టుకుని హద్దుగా ఉన్న సిమెంటు గట్టును అటూ ఇటూ దాటారు. మరుసటి ఏడాది హనోయిలో ట్రంప్‌తో కిమ్ అణ్వాయుధాల బేరం చెడింది. 2020 జూన్‌లో కేసాంగ్‌లోని ఉమ్మడి కార్యాలయాన్నే ఉత్తర కొరియా పేల్చేసింది.

2023 డిసెంబరులో కిమ్ తేల్చేశాడు: ఇక మనం బంధువులం కాదు, శత్రు దేశాలం. ప్యాంగ్యాంగ్ శివార్లలో రోడ్డుకు అడ్డంగా ఇద్దరు స్త్రీలు కొరియా పటాన్ని ఎత్తిపట్టుకుని ఉండే 30 మీటర్ల ‘ఏకీకరణ తోరణం’ వారాల్లోనే మాయమైంది.

దీన్ని ఉత్త కోపమనుకుంటే పొరపాటు, ఇందులో భయమూ ఉంది. 2023 జనవరిలో తెచ్చిన భాషా చట్టం దక్షిణాది యాసను నేరం చేసింది. అన్న కానివాణ్ని ‘ఒప్పా’ అని పిలవకూడదట. కె-డ్రామాలు చూసే మన పిల్లలకూ ఆ మాట తెలుసు, దొంగచాటుగా చూసే అక్కడి పిల్లలకు తెలియకుండా ఉంటుందా? బంధువులమని చెప్పుకున్నంత కాలం పక్కింటి కలిమి గురించి జవాబు చెప్పుకోవాలి. పరాయివాళ్లయితే ఆ బాధ లేదు.

పైగా దక్షిణాది బియ్యం, ఎరువులతో ఇప్పుడు పనిలేదు. ఉక్రెయిన్ యుద్ధం రష్యాను మళ్లీ గుమ్మంలోకి తెచ్చింది. 2024 జూన్‌లో పుతిన్ ప్యాంగ్యాంగ్ వచ్చి పరస్పర రక్షణ ఒప్పందం చేసుకున్నాడు, కొన్ని నెలలకే ఉత్తర కొరియా సైనికులు రష్యా తరఫున కుర్స్క్‌లో పోరాడారు.

2025 జూన్‌లో దక్షిణ కొరియా అధ్యక్షుడిగా గెలిచిన లీ జే మ్యుంగ్ సరిహద్దులో ఉత్తరం వైపు ప్రచారం చేసే లౌడ్‌స్పీకర్లు ఆపించాడు. ప్యాంగ్యాంగ్ కరగలేదు. సియోల్ రాజ్యాంగం 3వ అధికరణ మాత్రం కొరియా ద్వీపకల్పం మొత్తం తమదేనని ఇప్పటికీ అంటోంది. ఉత్తరాన ఉన్న 5 రాష్ట్రాలకు సియోల్‌లో ఒక ఆఫీసు, అధ్యక్షుడు నియమించిన గవర్నర్లు ఉన్నారు. వాళ్లు రోజూ ఆఫీసుకు వస్తారు, తమ రాష్ట్రానికి మాత్రం వెళ్లలేరు.