నేతలో దాగిన యాంటెన్నా: అపోహలు, వాస్తవాలు

కర్టెన్లు, కుషన్ కవర్లు, గోడకు వేలాడదీసే అల్లికలు – వీటిలో రేడియో యాంటెన్నాలు నేయడం, కుట్టడం నా పని. చూసేవాళ్లకు అది పూల తీగ, లేదంటే అంచు గీత. రేడియోకు మాత్రం అదే ఏరియల్. ఈ పని గురించి కొత్తగా విన్నవాళ్లు మొదట అడిగేది "ఏ దారం వాడతారు?" అని. నేను తిరిగి అడిగేది "ఎక్కడ వేలాడదీస్తారు?" అని. కింద రాసిన అపోహల్లో సగం ఈ రెండు ప్రశ్నల దగ్గరే మొదలవుతాయి.

అపోహ: వెండి దారమైతేనే యాంటెన్నా బాగా పనిచేస్తుంది

వాస్తవం: దారం ఎంత మంచిదో ఒంటరిగా చూసి చెప్పలేం. ఏ ఆకారంలో వాడుతున్నామన్నది తెలియాలి. ఇది లెక్కతో చూపిస్తాను, ఎందుకంటే ఈ ఒక్క లెక్క తెలిస్తే మిగతా విషయాలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

ఎఫ్ఎం తీసుకుందాం. ఆ బ్యాండ్ 88 నుంచి 108 మెగాహెర్ట్జ్ దాకా ఉంటుంది. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే వేవ్‌లెంగ్త్ మీటర్లలో వస్తుంది. నడుమ 98 దగ్గర అది సుమారు 3.06 మీటర్లు. అందులో సగానికి కాస్త తక్కువ, అంటే దాదాపు 145 సెంటీమీటర్ల దారాన్ని సరిగ్గా మధ్యలో తెంపి, తెంపిన చోట కేబుల్ కలిపితే డైపోల్ తయారవుతుంది. దానికి రేడియేషన్ రెసిస్టెన్స్ అని ఒకటి ఉంటుంది, సుమారు 73 ఓంలు. అది నష్టం కాదు, ఆ ఆకారం తరంగంతో ఎంత గట్టిగా ముడిపడిందో చెప్పే కొలత. దారం వేడి రూపంలో పోగొట్టే ఓంలను దాని పక్కన పెట్టి చూడాలి.

స్టెయిన్‌లెస్ స్టీలు దారం మీటరుకు 30 ఓంలు ఉందనుకోండి. రాగి ముందు అది నిలబడే అంకె కాదు. 145 సెంటీమీటర్లకు సుమారు 43 ఓంలు. కానీ డైపోల్‌లో కరెంటు మధ్యలో ఎక్కువగా, కొసల్లో సున్నాగా ఉంటుంది. అందువల్ల లెక్కలోకి వచ్చే నష్టం అందులో సగమే, 22 ఓంలు. 73ని 95తో భాగిస్తే 0.77. అందిన శక్తిలో నాలుగింట మూడు వంతులకు పైనే రేడియోకు చేరుతోంది. సిగ్నల్ బలంలో తేడాను కొలిచే డెసిబెల్స్‌లో చెప్పాలంటే ఒక డెసిబెల్ పైచిలుకు నష్టం, వింటున్నప్పుడు తెలియనే తెలియదు. రెండు పోగులు పక్కపక్కనే నేస్తే అదీ సుమారు సగానికి దిగుతుంది.

ఇప్పుడు అదే దారాన్ని చిన్న కుషన్ మీద ఇమడాలని వంకలు వంకలుగా తిప్పామనుకోండి. అలా కుదించిన కొద్దీ రేడియేషన్ రెసిస్టెన్స్ పడిపోతుంది. అది 5 ఓంలకు వచ్చిందంటే, దారం నష్టం 22 దగ్గరే ఉన్నా, 5ని 27తో భాగించాలి. ఐదో వంతు కూడా మిగలదు. వెండి పూత పోగులూ, సన్నటి రాగి తీగలూ నిజంగా అక్కరకొచ్చేది ఇక్కడే. చిన్న యాంటెన్నాలో చిన్న పరిమాణం, బ్యాండ్ వెడల్పు (అంటే ఒకే యాంటెన్నా పట్టగల ఫ్రీక్వెన్సీల మేర), సామర్థ్యం – మూడూ ఒకేసారి దక్కవని రేడియో ఇంజినీర్లు హెరాల్డ్ వీలర్ 1947లో, ఎల్.జె. చూ 1948లో లెక్క కట్టి చూపించారు. ఏ మగ్గం మీద నేసినా ఆ హద్దు దాటలేం.

అపోహ: మెరిసే దారమేదైనా చాలు

వాస్తవం: మెరుపు వేరు, వాహకత వేరు. మార్కెట్లో దొరికే మెరుపు దారాల్లో చాలావరకు ప్లాస్టిక్ పొర మీద ఆవిరిగా పట్టించిన అల్యూమినియమే ఉంటుంది. ఆ పూత మందం మైక్రాన్‌లో పదో వంతు కూడా ఉండదు, పైన మళ్లీ రంగు లక్క పూస్తారు. మల్టీమీటర్ ముల్లులు రెండూ సెంటీమీటరు ఎడంగా దాని మీద ఆనించి చూడండి, అంకె కదలదు. గోటితో కాస్త గీకి మళ్లీ ఆనిస్తే ఒక్కోసారి ఏదో అంకె మెదులుతుంది, చెయ్యి కదలగానే పోతుంది. అలాంటి దారాన్ని అలంకారం వరకే ఉంచుకోండి.

అసలు జరీ సంగతి వేరు. వెండి తీగను సన్నగా లాగి, చదును చేసి, పట్టు పోగు చుట్టూ చుడతారు. అందులో కరెంటు పారుతుంది. అయితే అది చుట్లు చుట్లుగా ఉంటుంది గనుక, కరెంటు నడిచే దారి బట్ట మీద కనిపించే పొడవు కంటే ఎక్కువ కావచ్చు. నేను జరీతో చేసేటప్పుడు పది సెంటీమీటర్లు ఎక్కువే నేసి, కొలుస్తూ కొసల నుంచి కత్తిరించుకుంటూ వస్తాను.

దీనికి సరిగ్గా ఎదురుగా మరో అపోహ ఉంది: పల్చటి పూత ఎందుకూ పనికిరాదని. రేడియో ఫ్రీక్వెన్సీల్లో కరెంటు లోహం పైపొరలోనే నడుస్తుంది. రాగిలో ఆ పొర లోతు 100 మెగాహెర్ట్జ్ దగ్గర 6.6 మైక్రాన్లు, వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 1.3 మైక్రాన్లు. లోపల నైలాన్ ఉన్నా ఇనుము ఉన్నా కరెంటుకు పట్టదు. కొద్ది మైక్రాన్ల రాగి ఉంటే పుష్కలం.

అపోహ: యాంటెన్నా పెడితే డిజైన్ పాడవుతుంది

వాస్తవం: డిజైన్ చేసేవాళ్లు నా దగ్గరకు వచ్చేటప్పుడు ఈ భయంతోనే వస్తారు. వాళ్లకు నేను చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జాన్ వొలాకిస్, అసిమినా కియూర్తి బృందం ఎంబ్రాయిడరీ మెషీన్ మీద 0.1 మిల్లీమీటరు ఖచ్చితత్వంతో యాంటెన్నాలు కుట్టి 2016లో చూపించింది. వాటిలో ఒకటి ఆ యూనివర్సిటీ చిహ్నమైన 'ఓ' అక్షరమే. అలంకారాన్నే యాంటెన్నాగా మలిచారు, ఒకదాని మీద ఒకటి అతికించలేదు.

రేడియో తరంగం మన కంటిలా వివరాలు చూడదు. 2.45 గిగాహెర్ట్జ్‌కు వేవ్‌లెంగ్త్ సుమారు 12.2 సెంటీమీటర్లు. అందులో పదో వంతు, అంటే 12 మిల్లీమీటర్లకు బాగా తక్కువగా ఉన్న సందులు ఆ తరంగానికి సందుల్లా అనిపించవు. కాబట్టి ఒక పూరేకును నిండుగా లోహంతో నింపక్కర్లేదు, మిల్లీమీటరు రెండు మిల్లీమీటర్ల ఎడంతో వల మాదిరిగా కుట్టినా దానికి అది నిండు రేకే. బట్ట మెత్తదనం పోదు, మడతకు మొరాయించదు.

ఒక్క జాగ్రత్త ఉంది. కరెంటు పూరేకు అంచుల దగ్గర గుమిగూడుతుంది, అందుకని దాని చుట్టూ లోహపు గీత తెగకుండా ఉండాలి. కుట్టు కూడా కరెంటు వెళ్లే దిక్కునే సాగాలి. అడ్డంగా నింపుకుట్టు వేస్తే కరెంటు ఒక వరుస నుంచి ఇంకో వరుసకు దూకుతూ పోవాలి. ఆ దారి పక్క పక్క వరుసలు ఎంత తాకుతున్నాయో అన్నదాని మీద ఆధారపడుతుంది, ఆ తాకుడు ఈ రోజు ఉన్నట్టు రేపు ఉండదు. లోహపు దారాన్ని సూదికి కాకుండా బాబిన్‌కు, అంటే మెషీన్ కింది దారం చుట్టే కండెకు, ఎక్కించండి. సూది కన్నంలోంచి వందలసార్లు ముందుకూ వెనక్కూ రాసుకుంటే పూత లేచిపోతుంది. దారం మరీ మందమైతే దాన్ని బట్ట మీద పరిచి, మామూలు దారంతో పైనుంచి అడ్డకుట్లు వేసి పట్టి ఉంచడం మేలు.

మగ్గం మీదైతే జాకార్డ్, అంటే పోగులను విడివిడిగా ఎత్తగల అమరిక, ఉంటే చాలా వెసులుబాటు. లోహపు పోగు ఎక్కడ పైకి తేలాలో, ఎక్కడ వెనక్కి దాగాలో పోగు పోగుకూ చెప్పొచ్చు. పడుగులో ఒక లోహపు పోగు, పేకలో ఇంకొకటి ఉండి అవి దాటుకునే చోటును మాత్రం కనెక్షన్‌గా నమ్మకండి. ఈ రోజు తాకుతాయి, రేపు గాలికి కర్టెన్ ఊగినప్పుడు విడిపోతాయి, రేడియోలో చిటపటలు వినిపిస్తాయి. కలవాల్సిన చోట రెండు కుట్లు వేసి కట్టేయాలి, కలవకూడని చోట ఎనామిల్ పూసిన తీగ వాడాలి.

అపోహ: బట్ట నిండా లోహం ఉంటే సిగ్నల్ ఇంకా బాగా పడుతుంది

వాస్తవం: బట్ట నిండా లోహముంటే అది గోడ. సిగ్నల్‌ను ఆపడానికి వాడే షీల్డింగ్ బట్ట అదే. యాంటెన్నాకు లోహమున్న చోటు ఎంత ముఖ్యమో లేని చోటూ అంతే ముఖ్యం.

అపోహ: బల్ల మీద పనిచేసిందంటే ఎక్కడైనా పనిచేస్తుంది

వాస్తవం: నా మొదటి కర్టెన్ నాకు నేర్పింది ఇదే. ఎఫ్ఎం డైపోల్‌ను అడ్డంగా, పేక వెంబడి నేశాను, ఎందుకంటే అంచు డిజైన్ అటే సాగుతోంది. బల్ల మీద పరిచి, యాంటెన్నా ఏ ఫ్రీక్వెన్సీకి బాగా పనిచేస్తుందో గీతగా చూపే అనలైజర్‌కు కలిపితే గీత సరిగ్గా 98 దగ్గర లోతుగా కిందికి దిగింది. ఎంతో సంతోషపడ్డాను. తీసుకెళ్లి కడ్డీకి వేలాడదీసి మడతలు సర్దాను. ఆ లోయ ఎఫ్ఎం బ్యాండ్ దాటి పైకి పోయింది, పోతూ పోతూ సగం పూడిపోయింది.

ఆలోచిస్తే ఆశ్చర్యమేమీ లేదు. కర్టెన్ అందంగా మడతలు పడాలంటే కిటికీ వెడల్పుకు రెట్టింపు బట్ట వేస్తాం. దాంతో నా 145 సెంటీమీటర్ల డైపోల్ ముడుచుకుని 70 అయింది. పై లెక్కలో కుషన్ మీద జరిగిందే ఇక్కడా జరిగింది. అప్పటి నుంచి కర్టెన్లలో నిలువుగా, పడుగు వెంబడే నేస్తున్నాను. మడతలు ఎన్ని పడినా నిలువు పోగు నిలువుగానే ఉంటుంది. కేబుల్‌ను మాత్రం డైపోల్ మధ్య నుంచి లంబంగా పక్కకు తీసుకెళ్లాలి. కనపడకూడదని డైపోల్ కింది చేతిని, అంటే కింది సగాన్ని, ఆనించి దింపితే కేబుల్ లోహపు తొడుగు కూడా యాంటెన్నాలో భాగమైపోతుంది.

రెండో పాఠం కిటికీ చట్రం నేర్పింది. నిలువు డైపోల్ నిలువు అల్యూమినియం చట్రానికి పక్కనే వేలాడితే, చట్రంలో ఎదురు కరెంటు పుట్టి దాన్ని చాలావరకు రద్దు చేస్తుంది. పైనున్న కర్టెన్ కడ్డీ అడ్డంగా ఉంటుంది గనుక నిలువు డైపోల్‌కు దానివల్ల పెద్ద ఇబ్బంది లేదు. యాంటెన్నా వెనక లోహపు పలక ఉండక తప్పకపోతే వేవ్‌లెంగ్త్‌లో నాలుగో వంతు ఎడం ఇస్తే అది అడ్డు కాకుండా సాయపడుతుంది: ఎఫ్ఎంకు సుమారు 75 సెంటీమీటర్లు, వైఫైకి 3. మొదటిది ఇంట్లో కుదిరే పని కాదు, రెండోది తేలిగ్గా కుదురుతుంది.

కుషన్ దగ్గర ఇబ్బంది మనిషే. పర్మిటివిటీ అంటే ఒక పదార్థం తన దగ్గరి విద్యుత్ క్షేత్రాన్ని ఎంత ప్రభావితం చేస్తుందో చెప్పే అంకె, గాలికి దాదాపు 1. మన కండరాలది 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర 50 పైన ఉంటుంది, బట్టది 1.1 నుంచి 1.7 లోపు. ఎవరైనా ఆనుకుని కూర్చోగానే యాంటెన్నా ట్యూనింగ్ తక్కువ ఫ్రీక్వెన్సీకి జారుతుంది. దానికి మందు మూడు పొరలు: ముందు యాంటెన్నా కుట్టిన బట్ట, మధ్యలో మందపాటి ఫెల్ట్ బట్ట, వెనక, అంటే మనిషి ఆనుకునే వైపు, లోహపు బట్ట. వెనక పొర మనిషిని యాంటెన్నాకు కనపడకుండా చేస్తుంది.

అపోహ: తేమ, ఉతుకు తగిలితే ఇక పనికిరాదు

వాస్తవం: ఇందులో కొంత నిజముంది. నీటి పర్మిటివిటీ 80కి దగ్గర. నూలు మామూలు గాలిలోనే తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టి ఉంచుకుంటుంది, ఉన్ని ఇంకా ఎక్కువ. పాలియెస్టర్ అర శాతం కూడా పట్టదు. అందుకే ట్యూనింగ్ కచ్చితంగా ఉండాల్సిన వైఫై యాంటెన్నాలకు నేను పాలియెస్టర్ ఎంచుకుంటాను. బ్యాండ్ వెడల్పు ఎక్కువున్న ఎఫ్ఎం డైపోల్‌కు నూలైనా బాధ లేదు. తడిసిన బట్ట ఆరాక యాంటెన్నా మళ్లీ మొదటి చోటికే వస్తుంది. నిజంగా చెరిపేది రాపిడి, బ్లీచ్. వెండి పూతకు బ్లీచ్ అసలు తగలనివ్వకండి.

అపోహ: ఇంట్లో రేడియేషన్ పెరుగుతుంది

వాస్తవం: రేడియో వినడానికి నేసిన యాంటెన్నా తనంతట తాను ఏ శక్తినీ పుట్టించదు. గదిలో అప్పటికే ఉన్న తరంగాల్లోంచి కొద్దిగా తీసుకుంటుంది, అంతే. రౌటర్‌కు కలిపితే రౌటర్ ఇచ్చే శక్తినే పంపుతుంది.

అపోహ: వైఫై ఒక్కసారిగా పెరిగిపోతుంది

వాస్తవం: డైపోల్ గెయిన్, అంటే అన్ని వైపులా సమానంగా పంపే ఊహాత్మక యాంటెన్నాతో పోలిస్తే దాని బలం, 2.15 డెసిబెల్స్. మంచి దారంతో నేసినా ఇత్తడి కడ్డీతో చేసినా అంతకు మించదు. ఇక్కడ నేత ఇచ్చే లాభం చోటు. రౌటర్ మూలన ఉండిపోతుంది, గోడ అల్లిక హాలు మధ్యకు చూస్తుంటుంది. కానీ ఆ దూరానికి సన్నటి కేబుల్ వేస్తే వచ్చిన లాభం అందులోనే కరిగిపోతుంది. 3 మిల్లీమీటర్ల లోపు మందముండే కోయాక్స్ (యాంటెన్నా) కేబుల్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర మీటరుకు దాదాపు 2 డెసిబెల్స్ తింటుంది. మూడు మీటర్లు వేశారంటే శక్తిలో నాలుగో వంతే అవతలికి చేరుతుంది. ఎఫ్ఎంకు ఈ బెంగ లేదు.

అపోహ: నేయడమే కష్టం, కేబుల్ కలపడం చిటికెలో పని

వాస్తవం: బాగుచేయమని నా దగ్గరకు తిరిగొచ్చే వాటిలో నేత చెడినవి అరుదు. దాదాపు అన్నీ అతుకు దగ్గర తెగినవే. కేబుల్ గట్టిది, బట్ట మెత్తటిది, బరువంతా ఆ రెండూ కలిసే గీత మీద పడుతుంది.

సోల్డరింగ్ ముక్కు 300 డిగ్రీల పైన వేడెక్కుతుంది. పాలియెస్టర్ 260 లోపే కరుగుతుంది. తగరం, బిస్మత్ కలిసిన టంకం 138 డిగ్రీలకే కరుగుతుంది గనుక నేను అదే వాడతాను, ముక్కు వేడి బాగా తగ్గించి, క్షణం తాకించి తీసేస్తాను. అయినా కరిగిన టంకం పోగుల వెంట పైకి పాకుతుంది. అది పాకినంత మేర దారం తీగలా బిరుసెక్కి, బిరుసు ఆగిన చోట వంగీ వంగీ ఒకరోజు పుటుక్కుమంటుంది. ఆ చోటు దాటి 3 సెంటీమీటర్ల దాకా మామూలు దారంతో బట్టకు కుట్టేస్తే వంపు అక్కడ పడదు. డైపోల్ రెండు చేతులకూ కరెంటు సమానంగా పంచే చిన్న ట్రాన్స్‌ఫార్మర్, అంటే బాలన్, కూడా ఇక్కడే ఉండాలి.

ఇప్పుడు నేను కేబుల్‌ను బట్టకు నేరుగా కలపడం మానేశాను. బొటనవేలి గోరంత సర్క్యూట్ పలక మీద బాలన్, కేబుల్ ఉంటాయి. దాని వెనక రెండు లోహపు ప్రెస్ బటన్లు, బట్ట మీద వాటికి జతలు, ఒక్కో చేతికి ఒకటి. ఉతికే ముందు టక్కున విప్పి పలకను పక్కన పెట్టేయొచ్చు, బట్ట ఆరాక మళ్లీ నొక్కితే సరి. విప్పేటప్పుడు అందరి చెయ్యీ ముందు కేబుల్ మీదికే పోతుంది. అందుకని పలక అంచున చిన్న గుడ్డ నాలుక ఒకటి కుట్టి ఇస్తున్నాను, పట్టుకుని లాగడానికి.