పెనమకూరు, డోకూరు, పెనుగోలు: ఆరో తరగతి సోషల్ వెనకున్న కథ

2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరో తరగతి పిల్లల చేతికి కొత్త సాంఘిక శాస్త్రం పుస్తకం వచ్చింది. అందులో మూడు ఊళ్లున్నాయి. కృష్ణా డెల్టాలో పెనమకూరు, మహబూబ్‌నగర్ పీఠభూమి మీద డోకూరు, అప్పటి ఖమ్మం జిల్లా కొండల్లో పెనుగోలు. డెల్టా అంటే ఏమిటి, పీఠభూమి అంటే ఏమిటి అని నిర్వచనాలిచ్చి బట్టీ పట్టమనకుండా, ఆ నేలల మీద మనుషులు ఎలా బతుకుతున్నారో చూపించారు. ఒకచోట కాలువ నీళ్లు, ఇంకోచోట నీళ్లు చాలక పని కోసం వలసలు, మరోచోట పోడు సేద్యం. ఇవి చదివిన పిల్లవాడు తన ఊరి నేలనూ నీళ్లనూ కొత్తగా చూడాలని పుస్తకం కోరుకుంది. సోషల్ అంటే రాజుల పేర్లు, తేదీలు, ఖాళీలు పూరించడం అనుకుంటూ పెరిగిన మా తరానికి ఇది చిన్న మార్పు కాదు.

ఈ ఆలోచన 2012లో పుట్టింది కూడా కాదు. బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు 1984లో ప్రయోగాత్మకంగా మొదలైంది. అందరూ ఏపీపెప్ అనేవాళ్లు. పిల్లలు చేసి నేర్చుకోవాలి, జట్లుగా పని చేయాలి, స్థానిక పరిసరాలను పాఠంలో వాడుకోవాలి, పిల్లలు చేసిన పనిని గోడ మీద పెట్టాలి అని అప్పుడే చెప్పారు. టీచర్లు కలిసి మాట్లాడుకోవడానికి ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టారు. నా దృష్టిలో ఆ ప్రాజెక్టులో అన్నిటికన్నా విలువైనది ఆ కేంద్రాలే. కొత్త పద్ధతిలో మొదటి పాఠం చెప్పి, అది కుదరక ఇబ్బంది పడిన టీచరుకు కావలసింది, అదే ఇబ్బంది పడిన ఇంకో టీచరు.

అదే కాలంలో మధ్యప్రదేశ్‌లో మరో ప్రయత్నం జరిగింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ కొన్ని ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 8 తరగతులకు కొత్త సోషల్ పుస్తకాలు తయారు చేసి, టీచర్లతో కలిసి నడిపింది. వాళ్లు పుస్తకంతో పాటు పరీక్షనూ మార్చారు. పిల్లలు పుస్తకం తెరిచి చూసుకుంటూ జవాబులు రాయవచ్చు. అలా రాసేటప్పుడు బట్టీ పనికిరాదు, పాఠం అర్థమైతేనే జవాబు దొరుకుతుంది. 2002లో ఆ రాష్ట్ర ప్రభుత్వం ఏకలవ్య కార్యక్రమాలను బడుల్లో ఆపేసింది. కానీ ఆ అనుభవం వృథా పోలేదు. ఏకలవ్యలో పనిచేసినవాళ్లు మన పుస్తకాల తయారీలోనూ పాలుపంచుకున్నారు.

పిల్లల మీద బ్యాగు బరువు కంటే అర్థం కాని చదువు బరువు ఎక్కువని 1993లో శాస్త్రవేత్త యశ్‌పాల్ నడిపిన కమిటీ చెప్పింది. బడుల్లో ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో దిశ చూపే 2005 జాతీయ పాఠ్య ప్రణాళిక చట్రం కూడా ఆయన సారథ్యంలోనే వచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం, పిల్లలు పనుల ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలని 29వ సెక్షన్‌లో రాసింది. వీటి వెనకే 2011లో మన రాష్ట్ర ప్రణాళిక పత్రం, ఆ తర్వాత కొత్త పుస్తకాలు వచ్చాయి. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, ఆర్థికశాస్త్రం అనే గోడలు తీసేసి పాఠాలను అంశాల వారీగా అమర్చారు.

పుస్తకం తరగతి గదిలోకి వెళ్లాక అసలు కష్టం మొదలైంది. ఊరి పటం గీయించాలంటే పిల్లల్ని ఊళ్లోకి తీసుకెళ్లాలి. ఒక పీరియడ్‌లో అది అయ్యే పని కాదు. సర్పంచ్‌తో, రైతుతో మాట్లాడి రాయమంటే వారం పడుతుంది, సిలబస్ మాత్రం నెలల లెక్కన పూర్తి కావాలి. పాఠంలోని ప్రశ్నలకు ఒకే జవాబు ఉండదు కాబట్టి ముప్పై నోటు పుస్తకాల్లో ముప్పై జవాబులు దిద్దాలి. దానికి తోడు, ఏడాది పొడవునా పిల్లల చదువును అంచనా వేసే నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చింది. ఫార్మేటివ్ (చదువు సాగుతుండగా చేసే అంచనా), సమ్మేటివ్ (చివర్లో పెట్టే పరీక్ష), ప్రాజెక్టు, రికార్డు అంటూ టీచర్లకు రాత పని పెరిగింది. ఊళ్లో తిరిగి చేయాల్సిన ప్రాజెక్టులను చాలామంది పిల్లలు నెట్ సెంటర్‌లో ప్రింట్ తీయించుకొచ్చారు. ఆలోచించి రాయాల్సిన ప్రశ్నలకు కూడా గైడ్లలో రెడీమేడ్ జవాబులు వచ్చేశాయి. ఈ విషయంలో టీచర్లను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. తాము ఎన్నడూ చదువుకోని పద్ధతిలో పాఠం చెప్పమన్నప్పుడు, కొన్ని రోజుల శిక్షణతో ఆ లోటు తీరదు.

2014లో రాష్ట్రం విడిపోయింది. పెనమకూరు ఆంధ్రప్రదేశ్‌లో, డోకూరు, పెనుగోలు తెలంగాణలో ఉండిపోయాయి. రెండు రాష్ట్రాలూ తమ తమ దారిలో పుస్తకాలు మార్చుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లిష్ ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. చర్చంతా మీడియం మీదికి మళ్లడంతో, పాఠం ఎలా చెప్పాలన్న ప్రశ్న వెనకబడింది.

2020 జాతీయ విద్యా విధానం తర్వాత, కేంద్రం తరఫున పాఠ్యపుస్తకాలు తయారు చేసే ఎన్‌సీఈఆర్‌టీ 2024లో 3, 6 తరగతులకు కొత్త పుస్తకాలు తెచ్చింది. ఆరో తరగతిలో ఇదివరకు విడివిడిగా ఉన్న మూడు సోషల్ పుస్తకాలను ఒక్కటి చేసింది. మూడో తరగతి పరిసరాల పుస్తకం పిల్లల ఇల్లు, వీధి, ఊరు చుట్టూ నడుస్తుంది. ఇలాంటి పుస్తకం మన పల్లె బడిలోకి వస్తే, దాన్ని చెప్పాల్సిన ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) చేతిలో చాలాచోట్ల మూడో తరగతితో పాటు నాలుగు, ఐదు కూడా ఉంటాయి. పక్క ఊరి టీచరును కలిసి ఆ పాఠం గురించి మాట్లాడుకునే రోజు ఆ ఎస్‌జీటీ టైమ్‌టేబుల్‌లో ఎక్కడుందో ముందు చూడాలి.