రంగం వెళ్లినవాళ్ల ఊరికి వలస వచ్చినవాళ్లు: విశాఖలో ఒక పాత ప్రశ్న

గాజువాక దగ్గర ఒక సందులో, రేకుల కప్పు గది ముందు, ఎనిమిది జతల సేఫ్టీ బూట్లు గోడవారగా ఆరబెట్టి ఉన్నాయి. లోపల రాత్రి షిఫ్టు దిగి వచ్చినవాళ్లు నిద్రపోతున్నారు. గది అద్దెకిచ్చిన పెద్దావిడను వాళ్లెవరని అడిగితే, "ఆళ్లది ఏ ఊరో నాకేటి తెలుసు బాబూ, కాంట్రాక్టరు తెచ్చి దించీసినాడు. పాపం, కష్టపడి పనిసేసుకుంటన్నారు. కానీ రేపు ఏటైనా అయితే పోలీసోళ్లు నన్నే కదా అడుగుతారు" అంది. జాలి, భయం ఒకే ఊపిరిలో వచ్చాయి. ఆమె మాటలో ద్వేషం లేదు. వలస వచ్చినవాళ్లను ఆదరించాలా, అనుమానించాలా అని విశాఖలో నడుస్తున్న చర్చలో ఈ రెండింటిలో ఏదో ఒకదాన్నే పట్టుకునేవాళ్లు, ఉత్తరాంధ్ర సొంత చరిత్రను ఒకసారి తిరగేయాలి.

ఎందుకంటే ఈ తీరం మనుషులను రప్పించుకోవడానికి చాలా ముందే మనుషులను పంపించింది. పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచి విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల్లో ఓడలెక్కి వేలాదిమంది బర్మా (నేటి మయన్మార్) రాజధాని రంగూన్ వెళ్లారు. ఇక్కడి పల్లెల్లో దాన్ని 'రంగం పోవడం' అనేవారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మీయులు తెలుగువారిని 'కోరంగీలు' అన్నారు, ఆ మాటలో చులకన కూడా ఉండేది. కూలీలను మేస్త్రీలు కుదిర్చేవారు. ముందుగా అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఖర్చు భరించి, ఆ మొత్తాన్ని తర్వాత కూలిలోంచి కోసుకునేవారు. అప్పు తీరేదాకా కూలివాడు మేస్త్రీ చెప్పిన చోటే, చెప్పిన రేటుకే పనిచేయాలి. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు సుమారు పది లక్షలు, రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వాళ్లే.

తన రాజధానిలోనే తాను మైనారిటీ అయిపోయిన బర్మీయుడి ఆందోళనను ఉత్తుత్తిదని కొట్టిపారేయలేం. అది ఎవరి మీద విరుచుకుపడిందన్నదే అసలు విషాదం. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచాలని సమ్మె కట్టారు. ఓడల్లో సరుకు ఎక్కించి దించే పని చూసే స్టీవడోర్ కంపెనీలు వాళ్ల స్థానంలో బర్మీయులను పనిలోకి దింపాయి. సమ్మె పరిష్కారం కాగానే బర్మీయులను పొమ్మన్నాయి. ఆ ఉదయం మొదలైన కొట్లాట నగరమంతా పాకి వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో అత్యధికులు మనవాళ్లే. లాభపడిన కంపెనీ, కమిషన్ తిన్న మేస్త్రీ ఆ వీధుల్లో లేరు. ఉన్నదల్లా ఒకే పని కోసం పోటీపడిన రెండు జాతుల పేదవాళ్లు. బర్మా బర్మీయులదేనన్న దోబామా ఉద్యమం ఆ నెత్తురు ఆరకముందే బలం పుంజుకుంది. 1938లో మళ్లీ అల్లర్లు జరిగాయి.

1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, నాలుగైదు లక్షల మంది భారతీయులు బర్మా వదిలి బయల్దేరారు. ఓడ దొరకనివాళ్లు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ అడవుల గుండా నడిచారు. కలరాకూ ఆకలికీ దారిలోనే వేలమంది రాలిపోయారు. మిగిలినవాళ్లకు 1962లో నె విన్ సైనిక ప్రభుత్వం వచ్చాక రెండో దెబ్బ తగిలింది. 1964లో దుకాణాలను జాతీయం చేశారు, పెద్ద నోట్లను రద్దు చేశారు. దశాబ్దాల సంపాదన అక్కడే వదిలేసి ఓడలెక్కి వచ్చిన కాందిశీకులకు మన ప్రభుత్వం కాలనీలు కట్టించింది, అప్పులిచ్చింది. విశాఖలో కంచరపాలెం వైపు ఉన్న బర్మా క్యాంప్ పేరు వెనక ఉన్నది ఆ చరిత్రే. తెలుగువాళ్లే అయినా, భాషలో బర్మా యాస, వంటలో నూడుల్స్ ఉన్న ఆ కుటుంబాలు తమ సొంతగడ్డ మీదే కొంతకాలం పరాయివాళ్లుగా బతికాయి. నగరం వాళ్లను కలుపుకుంది, అయితే ఊరికే కలుపుకోలేదు. ఓడ దిగినప్పుడే పేరు రాసుకున్నారు, కాగితం ఇచ్చారు, స్థలం చూపించారు. దయకు ఒక రిజిస్టరు తోడుగా ఉంది.

అదే కాలంలో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ శరణార్థుల కోసం కేంద్రం 1958లో దండకారణ్య పథకం ప్రారంభించి, చాలా కుటుంబాలను కోరాపుట్, మల్కన్‌గిరి, బస్తర్ ప్రాంతాల్లో స్థిరపరిచింది. ఇది విశాఖకు పొరుగు. ఇవాళ మల్కన్‌గిరి నుంచి ఇక్కడికి పనికి వచ్చిన యువకుడు బెంగాలీ మాట్లాడితే, అతని తాతను అక్కడ నిలబెట్టింది మన ప్రభుత్వమే అయి ఉండవచ్చు. భాషను బట్టి "బంగ్లాదేశీ" అని వేలెత్తి చూపేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి.

చట్టం కూడా దయను ఒక చేత, రిజిస్టరును ఒక చేత పట్టుకునే నడిచింది. భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒడంబడికపై సంతకం చేయలేదు. 1946 నాటి విదేశీయుల చట్టం, దాని స్థానంలో 2025లో వచ్చిన కొత్త చట్టం, తాను విదేశీయుణ్ణి కాదని నిరూపించుకునే భారాన్ని ఆ వ్యక్తి మీదే పెట్టాయి. 1996లో, అరుణాచల్ ప్రదేశ్‌లో ఉంటున్న చక్మా శరణార్థుల కేసులో సుప్రీంకోర్టు, ప్రాణరక్షణ హక్కు పౌరులకే కాదు, ఈ నేల మీద ఉన్న ప్రతి మనిషికీ వర్తిస్తుందని చెప్పింది. అదే కోర్టు 2005లో అస్సాం కేసులో, అక్రమ వలసల నుంచి రాష్ట్రాన్ని కాపాడటం కేంద్రం బాధ్యతని తేల్చింది. ఈ రెండు తీర్పులనూ కలిపి చదవాలని నా అభిప్రాయం. సరిహద్దు దాటి అక్రమంగా వచ్చినవాడిని గుర్తించడం రాజ్యం పని, వీధిలో గుంపు పని కాదు.

దేశంలోపలి వలస మాట వేరు. ఒడిశా, బీహార్, జార్ఖండ్ కూలీలు ఇక్కడ పనిచేయడం రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన హక్కు. ఒడిశాలో 'దాదన్' పేరుతో సాగిన కూలీల దోపిడీ నేపథ్యంలోనే 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలని, ప్రతి కార్మికుడి పేరూ ఊరూ నమోదు కావాలని, ఫొటో అంటించిన పాస్‌బుక్ అతని చేతిలో ఉండాలని, ఒకే పని చేసే స్థానికుడికన్నా కూలి తగ్గకూడదని ఆ చట్టం చెప్పింది. 1930లో రంగూన్ రేవులో ఈ నాలుగూ లేవు. 2020లో కరోనా లాక్‌డౌన్ రోజుల్లో, జాతీయ రహదారి వెంట నడిచిపోతున్నవాళ్లకు మన ఊరివాళ్లు అన్నం పొట్లాలు, చెప్పులు ఇచ్చారు. ఎంతమంది ఎక్కడ పనిచేస్తున్నారో చెప్పే పూర్తి జాబితా మాత్రం ఏ ప్రభుత్వం దగ్గరా లేకపోయింది. ఆ చట్టాన్ని ఇప్పుడు కొత్త కార్మిక స్మృతిలో కలిపేశారు.

గాజువాక గదిలోని ఎనిమిదిమందిలో ఒకతను ఆ సాయంత్రం లేచి బయటికి వచ్చాడు. పాస్‌బుక్ ఉందా అని అడిగితే ఆ మాటే వినలేదన్నాడు. ఆధార్ కార్డు చూపించమంటే, అది కాంట్రాక్టరు దగ్గరుందన్నాడు.