పులి నడిచే దారికీ రక్షణ ఇచ్చిన దేశం

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

అడవికి కంచె వేసి, బోర్డు పెట్టేస్తే అది భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అంతమాత్రం చాలదని భూటాన్‌ను చూస్తే మీకే తెలుస్తుంది. మన అస్సాం, అరుణాచల్‌లను ఆనుకుని హిమాలయాల్లో ఉంది ఈ దేశం. తెలంగాణలో మూడో వంతుంటుంది, అంతే. అయినా తన నేలలో సగాన్ని ప్రకృతి కోసం రక్షిత ప్రాంతంగా ఉంచింది. దేశంలో అడవి ఏనాడూ 60 శాతానికి తగ్గకూడదని 2008 నాటి రాజ్యాంగంలోనే రాసుకున్నారు. ఎవరు అధికారంలోకి వచ్చినా దానికి కట్టుబడాల్సిందే. ఇప్పుడు అక్కడ 70 శాతం దాకా అడవి ఉంది.

నాకు ఇంకా నచ్చింది 1999లో వాళ్లు చేసిన పని. అప్పటికే నేషనల్ పార్కులున్నాయి. కానీ పులి ఒక్కచోట ఉండిపోయే జంతువు కాదు కదా! పిల్లలు ఎదిగాక తల్లిని వదిలి, తమకంటూ ఒక చోటు వెతుక్కుంటూ చాలా దూరం పోతాయి. మధ్యలో అడవి తెగిపోతే ఉన్నచోటే ఇరుక్కుపోతాయి. కొన్ని తరాలు దగ్గరి చుట్టాల మధ్యే జత కడితే ఆ జాతి బలహీనపడుతుంది. అందుకని ఒక పార్కు నుంచి ఇంకో పార్కుకి వెళ్లే అడవి దారులకూ రక్షణ ఇచ్చారు. వాటినే కారిడార్లు అంటారు. దక్షిణాన మానస్ పార్కు మన అస్సాంలోని మానస్‌ను ఆనుకునే ఉంటుంది, అక్కడంతా ఉక్కపోత. ఉత్తరాన మంచు కొండలు. ఆ కొండల్లో 4000 మీటర్ల ఎత్తున కూడా పులులు కెమెరాలకు చిక్కాయి. దేశం మొత్తం మీద 2015లో లెక్కపెడితే 103 పులులు, 2021-22లో 131.

భూటాన్‌లోనే ఉన్న ఫోబ్జిఖా లోయకి చలికాలంలో టిబెట్ వైపు నుంచి మెడ నల్లగా ఉండే పెద్ద కొంగలు వస్తాయి. అవి తీగలకు తగిలి చనిపోకూడదని ఆ లోయలో కరెంటు లైన్లను భూమిలోపల వేశారు.

ఇదంతా ఊరికే రాలేదు. అక్కడ పార్కుల లోపల కూడా ఊళ్లున్నాయి. అడవిపందులు పంట తినేస్తాయి, ఏనుగులు తొక్కేస్తాయి, పులి పశువుల్ని ఎత్తుకుపోతుంది. రైతులు రాత్రంతా పొలాల దగ్గరే కాపలా ఉంటారు. పులులు పెరిగాయని సంబరపడేవాళ్లు ముందు ఆ రైతుకి నష్టపరిహారం సరిగ్గా, సకాలంలో అందుతోందా అని అడగాలి. పులిని తన పక్కన బతకనిస్తున్నది ఆయనే.

మీ
తాతయ్య