తన తిత్తిని తానే ఊదుకునే కొలిమి

తిరుపతి

చిరంజీవులైన మనవలకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు నా షెడ్డు బల్లమీద నత్తగుల్లలా ఉన్నది ఏమిటని అడిగారు. అప్పుడు తీరిగ్గా చెప్పలేకపోయాను. అది పాత లారీ టర్బో, అంటే ఇంజనులోకి గాలిని నొక్కి పంపే యంత్రం. రేణిగుంట రోడ్డులో పాత ఇనుప సామాను అమ్మేచోట కొన్నాను.

దాని లోపల ఒక సన్నని ఇరుసు, ఆ ఇరుసు రెండు కొసలకూ రెండు చక్రాలు ఉంటాయి. అల్యూమినియం చక్రం గాలిని లాగి నొక్కుతుంది, అది కంప్రెసర్. నికెల్ లోహంతో పోసిన రెండోది వేడి పొగ తాకిడికి తిరుగుతుంది, అది టర్బైన్. లారీలో ఆ పొగ ఇంజను నుంచి వస్తుంది. ఇంజను బదులు అక్కడ మంట మండే గొట్టం పెడితే గ్యాస్ టర్బైన్ అవుతుంది.

కమ్మరి కొలిమికి ఎవరో ఒకరు తిత్తి ఊదుతూ ఉండాలి. ఇక్కడ నిప్పే తన తిత్తిని ఊదుకుంటుంది. చిక్కంతా అందులోనే ఉంది. టర్బైన్ సంపాదించిన శక్తిలో మూడింట రెండు వంతుల దాకా కంప్రెసరే తినేస్తుంది. అందుకే తొలినాళ్లలో ఎందరి యంత్రాలో తమను తాము తిప్పుకోలేక ఆగిపోయాయి. నార్వేలో ఏగిడియస్ ఎల్లింగ్ 1903లో 11 అశ్వశక్తి మిగిల్చి చూపించాడు. ఇంగ్లండులో ఫ్రాంక్ విటిల్ 1930లో జెట్ ఇంజనుకు, అంటే విమానాన్ని నెట్టే గ్యాస్ టర్బైన్‌కు, పేటెంటు కోరాడు. 1935లో ఐదు పౌండ్ల రుసుము కట్టలేక దాన్ని వదులుకున్నాడు. అయినా 1937 ఏప్రిల్ 12న ఆయన ఇంజను తిరిగింది. ఆ ఐదు పౌండ్ల సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు గుండె కలుక్కుమంటుంది.

ఇక మంట గొట్టం. పెనుగాలిలో దీపం నిలబడాలి! లాంతరు చిమ్నీ చేసే పనే ఇక్కడ స్టీలు గొట్టం లోపలి మరో గొట్టం చేస్తుంది. గాలి రెండింటి నడుమ పారుతూ, లోపలి గొట్టానికి వేసిన రంధ్రాల గుండా కొంచెం కొంచెంగా మంటలోకి దిగుతుంది. కిలో కిరోసిన్ మండడానికి సుమారు 15 కిలోల గాలి చాలు. ఇంజను దానికి మూడు నాలుగు రెట్లు మింగుతుంది. మిగిలినదంతా చల్లార్చడానికే. మంట వేడి 2,000 డిగ్రీల దాకా పోతుంది, దాన్ని 700 దరిదాపులకు దించకపోతే చక్రం నిలవదు.

నా మొదటి గొట్టానికి ముందువైపే పెద్ద రంధ్రాలు వేశాను. మంట నిలవక వెనక్కి జారి, టర్బైన్ ముంగిట మండింది. ఇంధనం కట్టేసి వంగి చూస్తే రెక్కల అంచులు పండు మిరపకాయల్లా ఎర్రగా ఉన్నాయి. ఆ చక్రాన్ని మళ్లీ వాడలేదు. నిమిషానికి లక్ష చుట్ల దాకా తిరిగే చక్రం పగిలితే ముక్కలు తూటాల్లా ఎగురుతాయి. అందుకే నేను లేకుండా దాన్ని మీరు ముట్టకూడదు. వెలిగించినప్పుడు చక్రానికి పక్కగా ఎవరూ నిలబడకూడదు, నేనైనా సరే. ఇరుసు తేలేది పలుచని నూనె పొర మీద. కాబట్టి మంటకంటే ముందు నూనె పంపు తిరగాలి, మంట ఆరాక కూడా చక్రం చల్లబడేదాకా తిరుగుతూనే ఉండాలి.

మీకు ఒక పని. కంప్రెసర్ నోరు 50 మిల్లీమీటర్ల అడ్డకొలత. రంధ్రాల మొత్తం వైశాల్యం ఆ నోటి వైశాల్యానికి సమానంగా ఉండాలి. అందులో 30 శాతం ముందు, 20 నడుమ, 50 వెనక. ముందువి 3 మిల్లీమీటర్లవి, నడిమివి 6, వెనకవి 10 అయితే ఎక్కడ ఎన్ని వేయాలో లెక్కకట్టి పంపండి. కొత్త గొట్టానికి నేను ఇంకా రంధ్రాలు వేయలేదు.

మీ తాతయ్య